కేశవప్ప నాలుక

బెంగుళూరు రహదారికి ఇరువైపులా ఉన్న రాగిచేలను గొలుసులతో కొలిచి, హద్దురాళ్ళు పాతి, వాటి మీద కార్ఖానాల రేకుల కప్పులు లేపుతున్న దశాబ్దంలో, పొద్దున్నే అంబలి తాగి గొర్రెల మందల వెంట నడిచిన మనుషులు సైరను మోత విని గేటు ముందు వరుసలో నిలబడడం నేర్చుకుంటున్న రోజుల్లో, ఏనాడో వలస వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగూ బడిలో తమిళమూ సంతలో కన్నడమూ మాట్లాడుతూ పెరుగుతున్న కాలంలో, హోసూరు బజారు వీధిలో తండ్రి పెట్టిన కాఫీపొడి అంగట్లో కూర్చొని, ఊరివారు తాగే కాఫీకి చేదు ఎంత ఉండాలో తన నాలుకతో నిర్ణయించి, చివరకు ఆ నాలుకనే దైవసన్నిధిలో విడిచిపెట్టి, దానివల్ల పోగొట్టుకున్నదేమిటో, పోగొట్టినవారెవరో తేల్చుకోలేక ముసలివాడైన మనిషి కేశవప్ప.

ఆయన వృత్తిలో చేతిపని కొంత, నోటిపని ఎక్కువ. కాఫీ గింజలు చిక్కమగళూరు కొండల నుంచి బెంగుళూరు మీదుగా లారీలో వచ్చేవి. బొగ్గుల పొయ్యి మీద అడ్డంగా అమర్చిన ఇనుప పీపాలో వాటిని పోసి, పిడి పట్టుకొని తిప్పుతూ వేపేవాడు. గింజ చిటపటలాడి రంగు తిరిగిన తరువాత గుప్పెడు బయటికి తీసి, పొడి చేసి, చిన్న ఫిల్టరులో డికాషన్ దించి, పాలూ చక్కెరా కలపకుండా ఒక గుక్క నోట పట్టేవాడు. కళ్ళు మూసుకొనేవాడు. సంధ్యవార్చే బ్రాహ్మడి ముఖంలో కూడా అంతటి ఏకాగ్రతను ఆ వీధివారు ఎరుగరు. మింగిన తరువాతనే ఆ వేపుడు నిలపాలో, ఇంకా పోనివ్వాలో, చికోరీ వేరుపొడి ఎంత కలపాలో నోరు విప్పి చెప్పేవాడు. ప్రతి వేపుడుకూ ఈ క్రియ తప్పదు. ఇది కాక, అంగటికి వచ్చిన ప్రతి స్నేహితుడితోనూ ఒక లోటా తాగడం ఆయన మర్యాద.

భార్య గంగక్క ఊత్తంగరై ప్రాంతపు సేద్యగాళ్ళ ఆడపడుచు. పుట్టింట కాఫీ అన్న మాటే లేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక గుక్క తాగి, ఇది కాలిన కట్టెను కడిగిన నీళ్ళని చెప్పి ఉమ్మివేసింది. అంగటి వెనుకనే ఇల్లు. తెర ఇవతల వ్యాపారం, అవతల సంసారం.

ఆ అంగట్లో ఉదయం పూట పురాణకాలక్షేపం వంటిది ఒకటి జరిగేది. వక్త సుబ్బరాయుడు. ఒక డాక్టరుగారి వద్ద కాంపౌండరు. బెంగుళూరు బస్సులో వచ్చే ఇంగ్లీషు పేపరు కొని, అందులోని విశేషాలను తెలుగులో చెప్పేవాడు. మందులు కలిపే చేయి కనుక, రోగాల విషయంలో ఆయన మాటకు సగం వైద్యుడి విలువ ఉండేది. చింతపండు వర్తకుడు సోమప్ప ఆ సభకు హాస్యగాడు.

ఎమర్జెన్సీకి ఒకటి రెండేళ్ళ ముందు ఒక ఉదయం సుబ్బరాయుడు పేపరు మడిచి గొంతు సవరించుకున్నాడు.

"కాఫీ గుండెకు శత్రువంటప్పా. దినానికి ఐదారు లోటాలు తాగేవాళ్ళకు, తాగనోళ్ళ కంటే ముందే గుండె ఆగిపోతాదంట. అమెరికా డాక్టర్లు చూసి రాసినారు."

"వాళ్ళ గుండెను చూసినారా, మన గుండెను చూసినారా?" అన్నాడు సోమప్ప.

"గుండె అంతా ఒకటే కదప్పా."

"యాడ ఒకటి? వాళ్ళది రొట్టె తినే గుండె, నాది సంగటి తినే గుండె. కేశవప్పా, నాకు ఇంకో లోటా పోయి. ఆగితే ఈడనే ఆగనీ, నీ అంగటికి పేరొస్తాది."

అందరూ నవ్వారు. తెర వెనుక గంగక్క నవ్వలేదు. అంతకు ముందటి సంవత్సరమే కేశవప్ప పెద్దన్న అదే అంగట్లో, గింజల మూట మీద కూర్చొని, చేతిలో లోటా ఉండగానే పక్కకు ఒరిగి ప్రాణం విడిచాడు. ఆ లోటా నేల మీద దొర్లిన చప్పుడు ఆమె చెవిలో ఇంకా ఉంది. పైగా నాలుగు దినాల కిందట మూట ఎత్తుతూ కేశవప్ప రొమ్ము పట్టుకొని కూర్చోవడం కూడా ఆమె చూసింది.

సోమవారం నాడు భర్తను వెంటబెట్టుకొని చంద్రచూడేశ్వరుని కొండ ఎక్కింది. స్వామి ఎదుట పళ్ళెంలో కర్పూరం వెలిగించింది.

"ఆర్పు. ఈ జన్మలో కాఫీ తాగనని చెప్పి ఆర్పు."

"గంగా, నీకు పిచ్చా? రుచి చూడకుంటే నేను వేపేది ఎట్ల?"

"రుచి నేను చూస్తాను. మా పుట్టింట్లో ఎవరికీ గుండెజబ్బు లేదు."

"వాసనకే నీకు కడుపులో తిప్పుతాది కదే!"

"తిప్పితే తిప్పనీ. నువ్వు ఉండు, చాలు. ఆర్పయ్యా, కరిగిపోతా ఉంది."

ఆ సీమలో మండే కర్పూరాన్ని అరచేత కొట్టి ఆర్పి చెప్పిన మాటకు తిరుగులేదు. పొలం గట్ల తగాదాలు కోర్టుల్లో తెగనివి ఆ ఒక్క చేతిదెబ్బతో తెగేవి. తీర్పు మీద పై కోర్టుకు పోవచ్చు, ఆరిన కర్పూరం మీద పోవడానికి చోటు లేదు. కేశవప్ప అరచేయి దించాడు. చేయి కాలలేదు. మనుషుల మాటల్లో దేనిని నమ్మాలని అడిగితే, యథార్థం ఎరిగి, ఎరిగినది ఎరిగినట్టు చెప్పే ఆప్తుడి మాటను నమ్మమని మన తర్కశాస్త్రాలు చెబుతాయి. సముద్రాల ఆవల ఎవరో ఊహగా అన్న మాట ఇంగ్లీషు పేపరు దాటి, కాంపౌండరు నోరు దాటి, అంగటి తెర దాటి వచ్చేసరికి ఆప్తవాక్యమై కూర్చుంది. మరునాటికి మారగల వార్తను ఎన్నటికీ మారని దానికి ముడివేశారు ఆ దంపతులు.

అప్పటి నుంచి గంగక్క పీపా పక్కన పీట వేసుకొని కూర్చునేది. మొదటి నెలల్లో ఒక్కొక్క గుక్కకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి. కాఫీ వర్తకుల మాటలేవీ ఆమెకు తెలియవు. తన చేల మాటలతోనే రుచులకు పేర్లు పెట్టుకుంది. ఒకనాడు "తంగేడు చెక్క నమిలినట్లుండాది" అనేది, ఆయన ఇంకాస్త వేపేవాడు. మరొకనాడు "కాల్చిన కంకి మసి నాకినట్లుండాది" అనేది, ఆయన గబగబ పీపా దించేవాడు. "పొద్దున పేడనీళ్ళు చల్లిన వాకిలి మాదిరుండాది" అన్న రోజున ఆయన కొంచెం తెల్లబోయి, చివరకు అదే తాను ఇన్నేళ్ళూ వెతికిన మట్టివాసన అని గ్రహించి, ఆ మూట గింజలనే మళ్ళీ తెప్పించాడు. ఆమె నోరు, ఆయన చేయి కలిసి ఒక్క మనిషయ్యాయి. వేపుడు బాగా కుదిరిందో లేదో ఆమె మాట్లాడకముందే ముఖం చూసి చెప్పగలిగేవాడు. తాగని కాఫీని భార్య కనుబొమల్లో చవిచూశాడు.

ఏడాది గడిచింది. సుబ్బరాయుడు మరొక పేపరుతో వచ్చాడు. వేరొక ఊరి డాక్టర్లు ఒక పట్నం జనాన్ని చాలా ఏళ్ళు కనిపెట్టి చూశారట. కాఫీకీ గుండెకూ వైరమేమీ కనబడలేదట.

"అయితే ఇంకేంది? పెండ్లికొడుక్కి ఒక లోటా పోయండి!" అన్నాడు సోమప్ప.

కేశవప్ప చేయి దానంతట అదే ముందుకు చాచుకుంది. గంగక్క తెర తొలగించుకొని వచ్చింది.

"పేపరోడు మాట మారిస్తే సామి కూడా మారుస్తాడా? తియ్ చెయ్యి."

"గంగా, తప్పని డాక్టర్లే అంటా ఉంటే…"

"వాళ్ళకేం, వాళ్ళు కర్పూరం ఆర్పలేదు."

ఆయన చేయి తీసుకున్నాడు. ఆమె మాత్రం అప్పటికే కాఫీకి అలవాటుపడింది. రుచి కోసం పట్టిన గుక్క లోటా అయింది, లోటా పొద్దుకొకటయింది. మూకండపల్లి వైపు కార్మికుల ఇళ్ళు లేచాయి. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు బస్సెక్కి వచ్చి గంగక్క కాఫీపొడి కావాలని అడిగేవారు. అంగటి బోర్డు మీద పేరు కేశవప్పదే. ఆయన దానికి సంతోషించేవాడు.

పేపరు మీద మాత్రం ఆ ఇంట్లో భక్తి పోయింది. కాఫీ మంచిదన్నా, చెడ్డదన్నా ఒకటే నవ్వు. ఎనభై ఒకటిలో అనుకుంటాను, సుబ్బరాయుడు కొంచెం తటపటాయిస్తూనే చదివాడు. కడుపు వెనుక పాంక్రియాసు అనే గ్రంథి ఒకటి ఉంటుందనీ, దానికి వచ్చే కాన్సరు కాఫీ తాగేవారిలో ఎక్కువగా కనబడిందనీ.

గంగక్క చేతిలోని లోటా దించలేదు.

"ముందర గుండె అన్నారు, ఇప్పుడు కడుపంటారు. రాయుడన్నా, మోకాలికి ఎప్పుడు వస్తాదో అదీ చూసి చెప్పు, ముందే నూనె రాసుకుంటాను."

అంగడంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు కేశవప్ప.

మరుసటి ఎండకాలానికి ఆమెకు వీపులోకి పొడిచే నొప్పి మొదలైంది. అన్నం సహించలేదు. కళ్ళు పచ్చబడ్డాయి. పసరు పోశారు, అంత్రపు తాయెత్తు కట్టించారు, మారెమ్మకు మొక్కారు. ఏదీ పనిచేయక బెంగుళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. పరీక్షలన్నీ అయిన తరువాత తెలుగు వచ్చిన ఒక పడుచు డాక్టరు కేశవప్పను వరండాలోకి పిలిచి, ఆ గ్రంథి పేరు చెప్పాడు.

ఆ పేరు కేశవప్ప అంగట్లో విన్నదే. ఆయనకు తెలిసిన ఇంగ్లీషు మాటలు నాలుగే నాలుగు. అందులో అదొకటి.

"సామీ, కాఫీ వల్లనా?"

"అలాగని ఒక పరిశోధన వచ్చింది. కాదనేవాళ్ళూ ఉన్నారు."

"మీరేమంటారు?"

"నేనేమీ అనలేను పెద్దాయనా. వేలమందిని కలిపి చూసినప్పుడు ఎక్కడో కొంచెం హెచ్చుతగ్గు కనబడుతుంది. ఈమెకే ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పలేరు."

"ఎవరూ చెప్పలేని దాన్ని పేపర్లో ఎందుకేసినారు సామీ?"

డాక్టరు పరీక్షల కాగితాలు ఆయన చేతిలో పెట్టి లోపలికి వెళ్ళాడు.

ఇంటికి తెచ్చిన తరువాత గంగక్క కొన్నాళ్ళే ఉంది. మంచం పక్కన కూర్చొని కేశవప్ప ఏడ్చాడు.

"నా బదులు తాగితివి గంగా. నాకు రావాల్సింది నువ్వు తీసుకొంటివి."

"ఏమి నీ బదులు?" ఆమె గొంతులో బలం లేకపోయినా కోపం ఉంది. "మొదట్లో నీ బదులే. తర్వాత నా ఇష్టానికి తాగినాను. బాగుండాదని తాగినాను. అది గూడా నీదే అనుకొనేకి వద్దు."

చచ్చిపోతున్న మనిషి ఇచ్చిన ఆ విడుదలను ఆయన అందుకోలేదు. ఆమె తనను ఓదార్చడానికి అబద్ధమాడిందనుకున్నాడు. నిజమాడిందేమో అన్న ఊహ కూడా రానీయలేదు.

ఆమె పోయిన తరువాత ఆ ఇంటివారెవరి పెదవికీ కాఫీ తగలకూడదన్నాడు. వ్యాపారం మాత్రం మానలేదు. వేరే పని చేతకాదు. రంగు చూసి, వాసన చూసి వేపాడు. పొగలో నలభై ఏళ్ళు నిలిచిన ముక్కు అప్పటికే మొద్దుబారింది. ఒక వేపుడు పచ్చిగా దిగేది, ఒకటి మాడేది. ఆ ఊరివారు మెత్తనివారు, పొడి బాగాలేదని ముఖం మీద అనలేదు. ఒకరొకరే రావడం మానుకున్నారు. మూకండపల్లి ఆడవాళ్ళు డబ్బాల్లో అమ్మే, నీళ్ళలో కరిగే పొడికి తిరిగారు.

"ఏమప్పా, ఈ నడుమ నీ కాఫీ మా ఇంటామె చేసినట్లే ఉండాది" అన్నాడు సోమప్ప. ఎప్పుడూ నవ్వే ఆ మాటకు కేశవప్ప నవ్వలేదు. సోమప్ప కూడా లోటా సగంలో పెట్టి లేచాడు.

కూతురు లక్ష్మక్కను మూకండపల్లిలోనే ఇచ్చారు. అల్లుడు చెన్నకేశవ ఒక కార్ఖానాలో ఫిట్టరు. ఆమె పొద్దున్నే భర్తను పనికి పంపి, చంటిబిడ్డను చంకనెత్తుకొని వచ్చి, తండ్రికి వండిపెట్టి, అంగట్లో కూర్చొని పోయేది. మాడిన మూటలు మూలన పేరుకోవడం చూసి ఒకనాడు ఉండబట్టలేక డికాషన్ లోటాలో పోసుకుంది.

"నేను చూస్తాను నాయనా. అమ్మ నాకు నేర్పించినాది."

కేశవప్ప ఆ లోటాను చేతి నుంచి లాగి వీధిలోకి విసిరాడు.

"నా బిడ్డ నోట్లో ఇది పడేది లేదు!"

"ఊరికంతా అమ్ముతావు కదా? ఊరోళ్ళవి బిడ్డలు కారా?"

విషమని నమ్మితే అమ్మడం పాపం. విషం కాదని నమ్మితే కూతురిని ఆపడం మూర్ఖత్వం. ఆయన రెండూ చేస్తున్నాడు. ప్రతి సోమవారమూ తప్పకుండా కొండ ఎక్కే ఆ మనిషి ఆ వారం కొండ ఎక్కలేదు. కూతురు కూడా కొన్నాళ్ళు రాలేదు. మళ్ళీ వచ్చింది. ఆ మాట ఇద్దరిలో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.

అలా నాలుగేళ్ళు గడిచాయి. సుబ్బరాయుడు ముసలివాడై, కొలువు మాని, కర్ర పట్టుకొని తిరుగుతున్నాడు. ఒక ఉదయం ఆ కర్రను కూడా మరచి, పేపరు ఎత్తి ఊపుకుంటూ వచ్చాడు.

"కేశవా! విను, ఇది విను. ముందర రాసినారు చూడు, ఆ డాక్టర్లే మళ్ళీ చూసినారంట. కాఫీకీ ఆ రోగానికీ ముందు కనబడినంత సంబంధం ఈసారి కనబడలేదంట. వాళ్ళ నోటితో వాళ్ళే చెప్పినారప్పా! నీ మీదేం దోసం లేదు. ఇన్నేండ్లు ఊరికే కుమిలిపోయినావు."

గుండె మీది బండ దింపుతున్నాననుకున్నాడు ఆ వృద్ధుడు. కేశవప్ప పేపరు వైపు చూశాడు. అందులో ఒక్క అక్షరమూ ఆయనకు రాదు.

"అయితే గంగ ఎందుకు చచ్చిపోయినాది?"

సుబ్బరాయుడు పేపరు వెనుక పుట కూడా తిప్పి చూశాడు. "అదేమీ రాయలేదు కేశవా."

"నేను చంపినానని అనుకొని బతికినాను రాయుడన్నా. దానికొక కారణం ఉండె. తిట్టుకొనేకి నేనుంటి. ఇప్పుడు అది గూడా పెరుక్కొని పోయినారు. ఇంక నన్నెవరిని తిట్టుకోమంటావు?" పేపరు మీద వేలు పెట్టి, "వచ్చే ఏడు మళ్ళీ మార్చరని ఏం నమ్మకం? మళ్ళీ నేను చంపినవాణ్ణి అయితానా?"

"ఆ దినం నేను చదవకుండా ఉంటే…"

"నువ్వు చదివితివి, అంతే. దాన్ని కొండ మెట్లు ఎక్కించింది మేము." ఆయన గొంతులో నింద లేదు. "నమ్మినప్పుడు తప్పని అన్నారు. నవ్వితే చావు వచ్చినాది. ఏడిస్తే ఏడవాల్సింది లేదంటారు. మనిషి ఏం చేసేది చెప్పు?"

సుబ్బరాయుడు పేపరు మడిచి చంకలో పెట్టుకొని వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఆయన ఆ అంగట్లో పేపరు చదవలేదు.

మరునాడు కేశవప్ప తలస్నానం చేసి, విభూతి పెట్టుకొని, పీపా తిప్పాడు. గుప్పెడు తీసి పొడి చేసి డికాషన్ దించాడు. లక్ష్మక్క రెండో బిడ్డను చంక దింపి చూస్తూ నిలబడింది. ఆయన లోటా ఎత్తడం చూసి దగ్గరికి వచ్చింది.

"నాయనా, నువ్వు ఒట్టు పెట్టుకొంటివే!"

"పెట్టుకొన్నాను. సామితో నేను చెప్పుకొంటాను. ఈ ఇంట్లో నా బదులు ఇంకొకరు తాగేది వద్దు. విషమైతే నాకే కానీ."

వ్రతభంగానికి ప్రాయశ్చిత్తాలు స్మృతులు చెప్పాయి. వార్తను నమ్మినందుకు ప్రాయశ్చిత్తం ఏ స్మృతిలోనూ కనబడదు. కేశవప్ప ఒక గుక్క నోట పట్టి కళ్ళు మూసుకున్నాడు. వెనుకటి ఏకాగ్రతే. మింగాడు. లక్ష్మక్క ఆత్రంగా అడిగింది.

"చాలునా, ఇంకా పోనిచ్చేదా?"

మరొక గుక్క పట్టాడు. వేడి తెలిసింది. చేదు తెలిసింది. ఆ చేదు లోపలికి పోవడానికి ఒకప్పుడు ఉండిన దారులన్నీ మూసుకుపోయాయి. పచ్చిదో మాడినదో, కొండగింజో దిగువ తోటల గింజో, ఆ నాలుక చెప్పలేకపోయింది. పన్నెండేళ్ళకు పైగా తాను పస్తుపెట్టిన నాలుక ముసలిదై చచ్చిపోయింది. దాని పని నేర్చి చేసిన మరొక నాలుక మట్టిలో కలిసింది.

"తెలీలేదమ్మా," అన్నాడు. "నాకు తెలీలేదు."

లక్ష్మక్క ఆయన చేతిలోని లోటాను మెల్లగా తీసుకుంది. ఆయన ఈసారి లాగలేదు. ఆపాలని వేళ్ళు కదిలాయి, అంతటితో ఆగాయి. ఆమె ఒక గుక్క తాగింది, పెదవులు బిగించి ఒక్క క్షణం ఆలోచించింది.

"అడుగు మాడతా ఉంది నాయనా. బొగ్గులు తియ్."

కేశవప్ప వంగి, పటకారుతో బొగ్గులు ఒక్కొక్కటే బయటికి తీశాడు. కూతురు రెండో గుక్క మింగుతున్నప్పుడు ఆయన ముఖం పక్కకు తిప్పుకోవడం, ఆ వేళ అంగటి ముందుకు వచ్చినవారు చూశారు. ఆ తరువాత కూడా ఆమె లోటా ఎత్తిన ప్రతిసారీ ఆయన అలాగే ముఖం తిప్పుకునేవాడు. పొడి మాత్రం బాగుపడింది.

మనుషుల మాటలు మారినా తన కరుణ మారని చంద్రచూడుడు, తన ఎదుట ఒట్టు పెట్టి తానే తప్పిన ఆ వృద్ధుడిని క్షమించి, ఎవరూ చెప్పలేని జవాబు కోసం ఇక ఆయనను వెతకనీయకుండా శాంతినిచ్చుగాక; గంగక్కకు సద్గతి కలుగుగాక; లక్ష్మక్క ఒడిలోని బిడ్డలు నిండు ఆయువుతో, నొప్పి ఎరుగని దేహాలతో, తల్లిదండ్రుల కళ్ళ ఎదుట వర్ధిల్లుదురుగాక; ఆ ఇంట ఒకరి కోసం ఒకరు తాగవలసిన చేదు మరి లేకుండుగాక.